కొంగలబారుకు తోడు వెళ్ళిన విమానం

రేణిగుంట నుంచి గూడూరు వైపు వెళ్ళే రైలులో ఎప్పుడైనా కూర్చున్నారా? అయితే శ్రీకాళహస్తి రాకముందే ఏర్పేడు అనే చిన్న స్టేషను చూసే వుంటారు. వేంకటగిరికి వెళ్ళే రోడ్డు ఇక్కడే చీలుతుంది. ఒకప్పుడు యీ వూరు చిత్తూరు జిల్లాలో వుండేది. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో వున్నది.

వూరు చిన్నదే గాని, చుట్టుపక్కల చూడదగినవి చాలా వున్నాయి. 1926లో మలయాళ స్వామివారు స్థాపించిన వ్యాసాశ్రమం ఇక్కడే వున్నది. మండలంలోనే గుడిమల్లం అనే గ్రామం వున్నది. అక్కడి పరశురామేశ్వరుడి లింగం సుమారు రెండువేల సంవత్సరాల నాటిదని పండితులు చెబుతారు. ఇక 2015లో ఆరంభమైన రెండు పెద్ద విద్యాసంస్థలు, ఐఐటీ, ఐజర్ అనేవి, యీ మండలంలోనే పెద్ద పెద్ద భవనాలు కట్టుకొన్నాయి. పాత చదువుకూ కొత్త చదువుకూ కూడా యీ నేల చోటిచ్చింది.

గుడిమల్లం గుడికి ఒక విశేషం వున్నది. గర్భగుడి మీది కట్టడం మామూలు గోపురంలా వుండదు. పడుకొన్న ఏనుగు వీపులా గుండ్రంగా వుంటుంది. దాన్ని గజపృష్ఠ విమానం అంటారు. గర్భగుడి మీది కట్టడాన్ని మన పెద్దలు విమానం అనే పిలిచారు. అది కదలని విమానం. కదిలే విమానాలు చూడాలంటే దూరం పోనక్కరలేదు. రేణిగుంట విమానాశ్రయం పక్కనే వున్నది. ఏర్పేడు పొలాల్లో నిలబడి తల ఎత్తితే, యాత్రికులను మోసుకొని దిగే విమానాలు కనిపిస్తాయి.

ఆకాశంలో ఇంకా ఏమేమి కనిపిస్తాయి? శ్రీహరికోటలో రాకెట్టు వదిలిన రాత్రి, మబ్బు లేకపోతే, తూర్పు దిక్కున ఒక నిప్పుకణిక పైకి లేచి పోవటం చూడవచ్చు. అది అన్నిటికన్నా పెద్ద ప్రయాణం. సాయంత్రం పూట చెరువుల మీదుగా కొంగలబారు పోతుంది. అది అన్నిటికన్నా పాత ప్రయాణం. రాకెట్టుకు వందల మంది పనిచెయ్యాలి. విమానానికి పొడుగాటి రన్‌వే కావాలి. కొంగకు మాత్రం రెండు రెక్కలు చాలు.

మనిషికి కూడా అలా రెండు రెక్కలు చాలే పద్ధతి ఏదైనా వున్నదా? వీపుకు తగిలించుకొని, పొలంలో నాలుగడుగులు పరిగెత్తి, గాలిలోకి లేచే విమానం వున్నదా?

వున్నది. దాని పేరు పారామోటార్. దాన్ని తయారుచేసి పేరు తెచ్చుకొన్న చిన్న కార్ఖానా ఒకటి జర్మనీ దేశంలో వున్న ఒక పల్లెలో పుట్టింది. మనం ఇప్పుడు అక్కడికి ప్రయాణం కడదాం. టిక్కెట్టు అక్కరలేదు. మీ బడిలోని అట్లాసు తెరిస్తే చాలు.

హనోవర్ వూరికి ఉత్తరాన

అట్లాసులో ఐరోపా పటం తీయండి. జర్మనీకి ఉత్తరభాగంలో హనోవర్ అనే నగరం కనిపిస్తుంది. మనకు మధ్యాహ్నం అయినప్పుడు అక్కడ ఇంకా ఉదయమే. చలికాలంలో వారి గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక నడుస్తుంది. వేసవిలో మూడున్నర గంటలు వెనక నడుస్తుంది. జూన్ నెలలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు వుంటుంది. పిల్లలను పడుకోబెట్టడం తల్లులకు ఎంత కష్టమో ఆలోచించండి!

హనోవర్ నుంచి లోకల్ రైలు ఎక్కి ఉత్తరంగా పోతే బిసెన్‌డార్ఫ్ అనే పల్లె వస్తుంది. ఇటువంటి పల్లెలు పదహారు కలిపి 1974లో వేడెమార్క్ అనే ఒకే పంచాయితీగా చేశారు. మన ఏర్పేడుకు రేణిగుంట విమానాశ్రయం దగ్గర వున్నట్టే, వేడెమార్క్‌కు హనోవర్ విమానాశ్రయం దగ్గర. అయితే మనకు పడమట శేషాచలం కొండలు గోడ కట్టినట్టు వుంటాయి. అక్కడ కొండలు లేవు. నేల బల్లపరుపుగా వుంటుంది. గోధుమ పొలాలు, పచ్చిక బీళ్ళు, చిత్తడి నేలలు కనిపిస్తాయి.

పల్లె అంటే వ్యవసాయమే అనుకోకండి. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ అనే ఆయన యీ వేడెమార్క్‌లోని ఒక పల్లెలోనే చిన్న ప్రయోగశాల పెట్టాడు. ఆయన సంస్థ చేసిన మైకులు ప్రపంచమంతా వ్యాపించాయి. గొప్ప వస్తువు తయారు కావటానికి గొప్ప నగరమే కానక్కరలేదని యీ వూరు చూస్తే తెలుస్తుంది.

ఎగరాలనే కోరిక

జర్మనీవారికి ఎగరాలనే కోరిక కొత్తది కాదు. 1848లో ఆన్‌క్లామ్ అనే వూళ్ళో ఒట్టో లిలియెంతాల్ పుట్టాడు. చిన్నతనంలో అతను తమ్ముడితో కలిసి కొంగలను గమనించేవాడు. అవి గాలికి ఎదురుగా ఎలా పరిగెత్తి లేస్తాయి, రెక్కలు ఏ వంపులో వుంచుతాయి అని పరిశీలించేవాడు. పెద్దవాడై బెర్లిన్‌లో ఆవిరి యంత్రాల కార్ఖానా పెట్టాడు. పగలు కార్ఖానా పని చూసుకొంటూనే, తీరిక దొరికినప్పుడు రెక్కలు తయారుచేశాడు. 1889లో పక్షుల ఎగురుడు గురించి ఒక గ్రంథం రాశాడు. 1891 నుంచి వెదురు లాంటి తేలిక కర్రలకూ, గుడ్డకూ తన శరీరాన్ని తగిలించుకొని గుట్టల మీద నుంచి గాలిలోకి దూకాడు. సరైన గుట్ట దగ్గరలో లేకపోతే 1894లో తనే ఒక మట్టిదిబ్బ పోయించాడు! రెండువేల సార్లకు పైగా ఎగిరాడు. ఒక్కొక్కసారి 250 మీటర్ల దూరం దాకా పోయాడు. తన రెక్కలను కార్ఖానాలో వరసగా చేయించి అమ్మాడు కూడా. విమానాలను ఒకే నమూనాలో చేసి అమ్మిన మొదటివాడు అతనే అంటారు.

1896 ఆగస్టు 9న గాలి తిరగబడి అతని రెక్కలు కూలాయి. మరునాడు అతను మరణించాడు. కాని అతను రాసిపెట్టిన లెక్కలు పోలేదు. అమెరికాలో రైట్ సోదరులు వాటిని చదివి ముందుకు సాగారు.

హనోవర్‌కు కూడా ఇటువంటి కథ ఒకటి వున్నది. అక్కడ కార్ల్ యాథో అనే నగర ఉద్యోగి వుండేవాడు. ఆఫీసు పని అయిపోయాక విమానం తయారుచేసేవాడు. 1903 ఆగస్టులో, అంటే రైట్ సోదరులు ఎగరటానికి నాలుగు నెలల ముందు, అతని యంత్రం నేల విడిచింది. అది వెళ్ళిన దూరం సుమారు 18 మీటర్లు. ఎత్తు ఒక మీటరైనా లేదు. దానిని నిజమైన ఎగురుడుగా చాలామంది ఒప్పుకోరు. అయినా ఒక గుమాస్తా తీరిక వేళల్లో అంత పని చెయ్యటం చిన్న సంగతి కాదు.

దిండు గలీబులో దాగిన శాస్త్రం

పారామోటార్‌కు రెండే ముఖ్యమైన భాగాలు. ఒకటి గుడ్డతో చేసిన రెక్క. రెండవది వీపున తగిలించుకొనే ఇంజను.

రెక్కను అర్థం చేసుకోవాలంటే ఒక పని చెయ్యండి. అమ్మనడిగి ఒక దిండు గలీబు తీసుకోండి. దాని మూతి రెండు చేతులతో వెడల్పుగా తెరిచి పట్టుకొని, మిద్దె మీద కాకుండా మైదానంలో, గాలికి ఎదురుగా పరిగెత్తండి. అంతవరకు వేలాడుతున్న గుడ్డ దిండులా ఉబ్బి గట్టిపడుతుంది. లోపల దూది లేదు, కర్ర లేదు. గాలే దానికి ఎముక.

అటువంటి గలీబులను పక్కపక్కన ముప్పై నలభై కుట్టారనుకోండి. అన్నిటి మూతులూ ముందుకే వున్నాయి. మొత్తం ఆకారం కొంగ రెక్కలా పైన వంపు తిరిగి వున్నది. అదే పారామోటార్ రెక్క. ఇటువంటి రెక్కను కనిపెట్టినవాడు డొమినా జాల్బర్ట్ అనే అమెరికా వాసి. ఆయన గాలిపటాలు చెయ్యటంలో ఆరితేరినవాడు. 1964లో యీ గాలి నిండే రెక్కకు పేటెంటు కోరాడు. గాలిపటాల ఆట ఎంతదూరం తీసుకుపోయిందో చూశారా!

ఒక మనిషిని మోసే రెక్క విప్పి పరిస్తే 20 నుంచి 30 చదరపు మీటర్లు వుంటుంది. అంటే ఒక చిన్న తరగతి గది నేలంత. మడిస్తే సంచిలో పట్టే గుడ్డ. దాని అడుగు నుంచి సన్నని తాళ్ళు ఎన్నో దిగివస్తాయి. చూడటానికి సాలీడు దారాల్లా వుంటాయి గాని, అన్నీ కలిసి మనిషినీ, ఇంజనునూ సునాయాసంగా మోస్తాయి.

ఇక ఇంజను. పాత లూనా బండ్లలో వుండేటటువంటి రెండు స్ట్రోకుల ఇంజనే చాలావాటికి వాడతారు. దాని వెనక ప్రొపెల్లర్ తిరుగుతుంది. చుట్టూ వల అల్లిన పెద్ద చట్రం వుంటుంది. తాళ్ళు గాని, చేతులు గాని ప్రొపెల్లర్‌లో పడకుండా అది కాపాడుతుంది. అంతా కలిపి బరువు ఇరవై నుంచి ముప్పై కిలోల దాకా వుంటుంది. ఒక బియ్యం మూట వీపున వేసుకొన్నట్టే!

ఎగిరేవాడు రెక్కను వెనక పచ్చికలో పరిచి, గాలికి ఎదురుగా పరిగెత్తుతాడు. రెక్క గాలి నింపుకొని తల మీదికి లేస్తుంది. అప్పుడు ఇంజనుకు వేగం పెంచుతాడు. ప్రొపెల్లర్ గాలిని వెనక్కు తోస్తుంది, గాలి మనిషిని ముందుకు తోస్తుంది. ముందుకు పోతున్న రెక్క గాలిని కిందికి తోస్తుంది, గాలి రెక్కను పైకి తోస్తుంది. తోసినది తిరిగి తోస్తుందని న్యూటన్ చెప్పిన మూడవ సూత్రం ఇదే. నాలుగడుగులు వేసేసరికి కాళ్ళు నేల విడుస్తాయి.

కుడివైపు తిరగాలంటే కుడిచేతి తాడు లాగుతాడు. రెక్క కుడి అంచు కిందికి వంగి, గాలిని అడ్డగిస్తుంది. ఆ వైపు వేగం తగ్గి రెక్క కుడికి తిరుగుతుంది. ఎద్దులను పగ్గంతో మళ్ళించినట్టే. ఇంజను ఆగిపోతే రాయిలా పడిపోడు. ఒక మీటరు దిగేలోపల ఆరేడు మీటర్లు ముందుకు జారుతూ, మెల్లగా నేలకు చేరుతాడు.

పిల్లగాలి కార్ఖానా

1980 ప్రాంతంలో ఇంగ్లండులో మైక్ బర్న్ అనే ఆయన ఇంజనునూ, గాలి రెక్కనూ కలిపి ఎగిరి, దానికి పారామోటార్ అని పేరు పెట్టాడు. కొద్ది సంవత్సరాలలో ఫ్రాన్సులో, జర్మనీలో యీ సరదా పెరిగింది. ఆ కాలంలోనే మార్కుస్ మ్యుల్లర్ అనే ఆయన స్థాపించిన సంస్థ బిసెన్‌డార్ఫ్ నుంచి పనిచేసింది. దాని పేరు ఫ్రెష్ బ్రీజ్. మన మాటల్లో చెప్పాలంటే చల్లని పిల్లగాలి.

పెద్ద విమానాల కార్ఖానాలు వూళ్ళంత వుంటాయి. ఇటువంటి సంస్థలు అలా వుండవు. కొద్దిమంది పనివారు గొట్టాలను వంచి అతికి చట్రాలు చేస్తారు. ఇంజనుకు ప్రొపెల్లర్ బిగిస్తారు. ప్రొపెల్లర్‌కు రెండు రేకులూ సరిసమానంగా తూగాలి. ఒక రేకు కాస్త బరువైతే, నిమిషానికి రెండువేలకు పైగా చుట్లు తిరిగేటప్పుడు ఇంజనంతా వణుకుతుంది. అందుచేత కంసాలి త్రాసులో బంగారం తూచినంత జాగ్రత్తగా దాన్ని తూస్తారు. తయారైనదాన్ని పరీక్షించటానికి చుట్టూ బల్లపరుపు పొలాలు వుండనే వున్నాయి.

ఈ సంస్థవారు చేసినవాటిలో మీకు బాగా నచ్చేది ఫ్లైక్. అది మూడు చక్రాల తొక్కుడు బండి. వెనక్కు వాలి కూర్చొని రోడ్డు మీద తొక్కుకొంటూ పోవచ్చు. మైదానం రాగానే వెనక ఇంజను తగిలించి, రెక్క విప్పి, బండితో సహా ఎగరవచ్చు! ఇద్దరు కూర్చొనే మరొక చక్రాల బండి పేరు ఎక్సైటర్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. అసలు కథ దానితోనే వున్నది.

మన పొరుగున బెంగుళూరులో కూడా ఇటువంటి చిన్న సంస్థ వున్నది. జోయెల్ కోష్లాన్ అనే ఫ్రెంచి ఆయన అక్కడ రాజహంస అల్ట్రాలైట్స్ స్థాపించాడు. మొదట ఇంజను లేని రెక్కలతో మొదలుపెట్టి, తరువాత ఎక్స్-ఎయిర్ అనే తేలిక విమానాలు చేసి ఇతర దేశాలకు పంపాడు. 2016లో మన వాయుసేన వారు కూడా ప్రదక్షిణ అనే పేరుతో, ఫిబ్రవరి 1న పశ్చిమ బెంగాలులోని కలైకుండ నుంచి పారామోటార్ల మీద దేశాన్ని చుట్టిరావటానికి బయలుదేరారు. ఆ దారి పదివేల కిలోమీటర్లకు పైమాటే.

అయితే ఇది చదివి ఎవరూ ఇంట్లో దుప్పట్లు కుట్టుకొని మిద్దె మీద నుంచి దూకకండి! లిలియెంతాల్ వంటి అనుభవజ్ఞుణ్ణే గాలి మోసగించింది. పారామోటార్ ఎగరాలంటే గురువు దగ్గర శిక్షణ పొందాలి. శిరస్త్రాణం, అదనపు పారాచూట్ వుండాలి. ప్రభుత్వ అనుమతి వుండాలి. ముఖ్యంగా రేణిగుంట వంటి విమానాశ్రయాల దగ్గర ఇష్టం వచ్చినట్టు ఎగరటానికి వీలులేదు.

నెమ్మదితనమే దాని గొప్ప

పారామోటార్ వేగం గంటకు 30 నుంచి 60 కిలోమీటర్లు. మన ఆర్టీసీ బస్సు దాన్ని దాటిపోగలదు. మరి అంత నెమ్మదైన విమానం ఎందుకు? ఆటకేనా?

కాదు. పెద్ద విమానాలు చెయ్యలేని పని ఒకటి అది చేసింది. ఎందుకు చెయ్యగలిగిందంటే, నెమ్మదిగా పోవటం దానికి వచ్చు గనుక.

ఐరోపాలో వాల్డ్‌రాప్ అనే పక్షి వుండేది. కోడికన్నా పెద్దది. నల్లని మెరిసే ఈకలు, ఈకలు లేని ఎర్రని తల, కొడవలిలా వంగిన పొడుగు ముక్కు. 1555లోనే గెస్నర్ అనే స్విస్ పండితుడు దాని గురించి రాశాడు. కాని జనం దాన్ని తినటానికి వేటాడారు. పదిహేడవ శతాబ్దంలో మధ్య ఐరోపాలో ఒక్కటి కూడా మిగలలేదు. ఆఫ్రికాలోని మొరాకో వంటి చోట్ల కొన్ని మిగిలాయి. జంతుప్రదర్శనశాలల్లో కొన్ని పెరిగాయి.

వాటిని మళ్ళీ స్వేచ్ఛగా వదలాలని ఆస్ట్రియా దేశపు జీవశాస్త్రవేత్త యోహానెస్ ఫ్రిట్జ్ అనుకొన్నాడు. కాని ఒక చిక్కు వచ్చింది. ఈ పక్షులు చలికాలం రాగానే వెచ్చని దక్షిణ దేశాలకు వలసపోవాలి. లేకపోతే చలికి చస్తాయి. పోవాలనే తహతహ వాటికి పుట్టుకతోనే వస్తుంది. ఎటు పోవాలో మాత్రం పుట్టుకతో రాదు. పెద్ద పక్షుల వెంట పోయి పిల్లలు నేర్చుకోవాలి. ప్రదర్శనశాలలో పెరిగిన పక్షులకు దారి తెలిసిన పెద్దలు ఎక్కడ వున్నారు? నాలుగు వందల సంవత్సరాల క్రితమే వారు పోయారు. వారితోపాటు దారి కూడా పోయింది.

నేను జీవితమంతా బడిపంతులుగా గడిపినవాణ్ణి. ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన ఆలోచన మీకు చెప్పాలి. విద్య అనేది ఒక తరం చేతి నుంచి ఇంకొక తరం చేతికి అందుతూ రావాలి. ఒక్క తరం అందుకోకపోయినా అది పోతుంది. పోయిన ఆస్తిని మళ్ళీ సంపాదించవచ్చు. పోయిన విద్యను తిరిగి తేవటం చాలా కష్టం.

మరి పక్షులకు పంతులు ఎవరు? మనిషే పంతులు కావాలి. అంతకుముందు 1993లో కెనడాలో బిల్ లిష్‌మన్ అనే ఆయన తేలిక విమానంలో బాతులకు దారి చూపించి అమెరికాకు తీసుకుపోయాడు. దాని మీద 1996లో ఒక సినిమా కూడా వచ్చింది. ఫ్రిట్జ్ దాని నుంచి స్ఫూర్తి పొందాడు.

గుడ్డు నుంచి వచ్చిన కొద్ది రోజులకే పిల్లలను పెంపుడు తల్లుల చేతికి ఇస్తారు. ఇద్దరే వుంటారు. వారే తినిపిస్తారు, వారే లాలిస్తారు, పగలంతా పక్కనే వుంటారు. ఇతరులను దగ్గరికి రానివ్వరు. పిల్లలు వారినే తల్లులు అనుకొంటాయి. రెక్కలు వచ్చాక విమానాన్ని చూపి, దాని మోతకు అలవాటు చేస్తారు. తరువాత పెంపుడు తల్లి విమానంలో వెనక సీటులో కూర్చొని, గొట్టం మైకులో పేరు పెట్టి పిలుస్తుంది. విమానం లేస్తుంది. అమ్మ పిలుస్తున్నదని పిల్లలు వెంట ఎగురుతాయి!

పెద్ద విమానమైతే పక్షులను దాటి ఎక్కడికో పోతుంది. వేగం తగ్గిస్తే కూలిపోతుంది. పక్షుల వేగంతో, పక్షుల పక్కన, పక్షులను బెదరగొట్టకుండా పోవాలంటే గుడ్డ రెక్క విమానమే సరైనది. ఈ పనికి వాడిన విమానాలలో వేడెమార్క్ పల్లెలో పుట్టిన ఎక్సైటర్ ఒకటి.

2004లో మొదటిసారిగా ఇలా పక్షులను ఆల్ప్స్ పర్వతాలు దాటించి, ఇటలీలోని టస్కనీకి చేర్చగలిగారు. తిరిగి వచ్చేటప్పుడు తోడు ఎవరూ రారు. పక్షులు పెద్దవై, గుడ్లు పెట్టే ఈడు వచ్చాక, తమంతట తామే రావాలి. వస్తాయా? ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. 2011లో గోయా అని పేరు పెట్టిన ఆడపక్షి ఒంటరిగా ఆల్ప్స్ దాటి జర్మనీలోని బవేరియాకు తిరిగి వచ్చింది. ఒక్కసారి చూపిన దారిని అది మరిచిపోలేదు! తరువాతి సంవత్సరమే ఇటలీలో ఒక వేటగాడి తుపాకీకి అది బలి అయింది. ఆ వార్తకు ఎందరో దుఃఖించారు. కాని పని ఆగలేదు. గోయా తరువాత ఇంకా కొన్ని తిరిగి వచ్చాయి, గూళ్ళు కట్టాయి. వాటి పిల్లలు మనుషుల వెంట కాక, తమ పెద్దల వెంటే దక్షిణానికి పోవటం మొదలుపెట్టాయి. పంతులు అక్కరలేని రోజు రావటమే కదా పంతులుకు కావలసినది!

ఈ పక్షులు మనకు కూడా ఒక పాఠం చెప్పాయి. కొంగలబారు కొడవలి వంపులో, కోణంగా ఎందుకు పోతుంది? ముందు పక్షి రెక్క కొనల దగ్గర గాలి సుడి తిరిగి, కొనకు బయటివైపున పైకి లేస్తుంది. వెనక పక్షి సరిగ్గా ఆ లేచే గాలిలో రెక్క వుంచితే శ్రమ తగ్గుతుంది. పెంపుడు వాల్డ్‌రాప్ పక్షుల వీపున చిన్న పరికరాలు కట్టి, వాటి పక్కనే ఎగిరి, శాస్త్రజ్ఞులు యీ సంగతిని లెక్కలతో తేల్చారు. 2014లో ఆ పరిశోధన ప్రచురించారు. వెనక పక్షి చోటు ఎంచుకోవటమే కాదు, ముందు పక్షి రెక్క ఆడించే తాళానికి తన రెక్కను కలుపుతుంది కూడా. ముందు ఎగిరే పక్షికి ఆ సుఖం లేదు గదా? అందుకని అవి వంతులు వేసుకొంటాయని 2015లో మరొక పరిశోధన చెప్పింది. కాసేపు నేను ముందు, కాసేపు నువ్వు ముందు!

కథ ఇంకా ముగియలేదు. భూమి వేడెక్కుతున్నది. ఐరోపాలో చలికాలం ఆలస్యంగా వస్తున్నది. పక్షులు ఆలస్యంగా బయలుదేరుతున్నాయి. అప్పటికి ఆల్ప్స్ మీద దారి మూసుకుపోతున్నది. పైకి ఎత్తే వెచ్చని గాలి అప్పుడు దొరకదు. అందుచేత 2023లో ఫ్రిట్జ్ బృందం కొత్త దారి నేర్పింది. ఆల్ప్స్ దాటకుండా, ఫ్రాన్సు మీదుగా స్పెయిన్ దక్షిణాన వున్న ఆండలూసియా దాకా. అది రెండువేల కిలోమీటర్లు దాటిన ప్రయాణం. నెల రోజులకు మించి పట్టింది. పాత పాఠం పనికిరాకపోతే కొత్త పాఠం నేర్పాలి!

మన చెరువు గట్టున

ఇక మన వైపు రండి. ఏర్పేడు చుట్టుపక్కల పొలాల్లో, చెరువు గట్లలో పొడుగు ముక్కు వంచి పురుగులు ఏరుకొనే నల్లని పక్షి కనిపిస్తుంది. దాని తల వెనక ఎర్రని మచ్చ వుంటుంది. మన పెద్దలు దాన్ని నల్ల కంకణం అంటారు. తెల్లనిది తెల్ల కంకణం. ఈ కంకణం పిట్టలు ఆ వాల్డ్‌రాప్‌కు జ్ఞాతులే! ఐరోపావారు కోట్లు ఖర్చుపెట్టి, విమానాలు ఎగరేసి తిరిగి తెచ్చుకొంటున్న పక్షికి చుట్టాలు మన పొలంలో ఉచితంగా పురుగులు ఏరిపెడుతున్నాయి.

మన తిరుపతి జిల్లాలోనే నేలపట్టు వున్నది. 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. గూడబాతులు అక్కడి చెరువులోని చెట్ల మీద గూళ్ళు కడతాయి. పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు వస్తాయి. ఏ దారిన రావాలో, ఏ చెరువులో దిగాలో వాటికి తెలుసు. ఆ తెలివి ఒక్కసారి పోతే, దాన్ని మళ్ళీ నేర్పటానికి ఎంత శ్రమ పడాలో ఇప్పుడు మీకు అర్థమైంది గదా.

అందుచేత కంకణం పిట్ట మీద రాయి వెయ్యకండి. వేసేవాణ్ణి వారించండి. గాలిపటం ఎగరేసేటప్పుడు నూలు దారమే వాడండి. నైలాను మాంజా చెట్లకు చుట్టుకొని పక్షుల రెక్కలు కోస్తుంది. 2017లోనే దాన్ని దేశమంతా నిషేధించారు. సాయంత్రం కొంగలబారు పోతుంటే ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, ఎటు పోతున్నాయి, ఎన్ని వున్నాయి రాసుకోండి. సంవత్సరం తిరిగేసరికి మీ వూరి పక్షుల దారి మీకు తెలుస్తుంది. లిలియెంతాల్ కూడా మీ వయసులో చేసిన పని ఇదే. ముందు ఎగిరే పక్షి ఎప్పుడు వెనక్కు తగ్గి, ఇంకొక దానికి చోటు ఇస్తుందో కూడా జాగ్రత్తగా చూడండి.